'ఏ ద్రావణం?': ఒక రీసెర్చ్ పేపర్‌లో ఆర్టికల్స్, ప్రిపోజిషన్స్ సరిచేసిన కేసు

రీసెర్చ్ పేపర్ల ఇంగ్లీషు సరిదిద్దడం, స్కాలర్లకు రాయడం నేర్పడం నా పని. ఈ కేసు ఒక కెమిస్ట్రీ స్కాలర్‌ది. ఆమె ఒప్పుకున్నాకే రాస్తున్నాను. పేరు, జర్నల్, పేపర్ శీర్షిక ఇవ్వడం లేదు. ఉదాహరణ వాక్యాల్లో అంకెలు కూడా మార్చాను. నీళ్లలో కలిసిన అద్దకం రంగును యాక్టివేటెడ్ కార్బన్‌తో (సన్నటి రంధ్రాలతో రంగును పట్టి ఉంచే ఒక రకం బొగ్గుతో) తొలగించడం ఆమె పరిశోధన విషయం.

నా దగ్గరకు వచ్చేసరికి పేపర్ ఒకసారి వెనక్కి వచ్చి ఉంది. జర్నల్ తరఫున పేపర్‌ను పరిశీలించే రివ్యూయర్ రాసిన మొదటి కామెంట్ ఇంగ్లీషు గురించి: ఆర్టికల్స్ ('ఎ', 'యాన్', 'ది'), ప్రిపోజిషన్స్ ('టు', 'ఎట్', 'ఇన్' లాంటివి) చాలాచోట్ల తప్పుగా ఉన్నాయి, చూసుకోండి అని. మిగతావన్నీ సైన్స్ ప్రశ్నలు. ఆమె టెన్షన్ అంతా వాటి మీదే. "ఇంగ్లీషు మీరు చూడండి సార్, సైన్స్ నేను చూసుకుంటాను" అన్నారు.

ఆ సైన్స్ ప్రశ్నల్లో రెండింటి దగ్గర నేను ఆగిపోయాను. ఒకటి: 'ఏ ద్రావణం? ముందు ఎక్కడా చెప్పలేదు.' రెండోది: '80 డిగ్రీలకు చేరడానికి 2 గంటలు పట్టిందా, లేక 80 డిగ్రీల దగ్గర 2 గంటలు ఉంచారా?' రివ్యూయర్ సరిగా చదవకుండా అడిగారని ఆమె బాధ. మెథడ్స్ సెక్షన్ తీసి చూశాం. అక్కడున్న వాక్యం ఇది:

'శాంపిల్ వాజ్ హీటెడ్ టు 80 డిగ్రీస్ ఫర్ 2 అవర్స్ ఇన్ ది అవెన్ అండ్ ది సొల్యూషన్ వాజ్ యాడెడ్ ఇన్ బీకర్.'

రివ్యూయర్ శ్రద్ధగానే చదివారు. 'ది సొల్యూషన్' అని చూడగానే 'ఆ ద్రావణం' అని అర్థం చేసుకుని, ఆ ద్రావణం ఏదో వెతుక్కుంటూ వెనక్కి వెళ్లారు. దొరకలేదు. అందుకే అడిగారు. రెండో ప్రశ్న ఇంకా తీవ్రమైంది. 'హీటెడ్ టు 80' అంటే వేడి 80 దాకా ఎక్కింది. 'హీటెడ్ ఎట్ 80' అంటే 80 దగ్గర నిలిపి ఉంచారు. 'టు' రాసి పక్కనే '2 గంటలు' అనేసరికి వాక్యం రెండు రకాలుగా చదువుకునేలా తయారైంది. ఇంకో ల్యాబ్‌లో ఎవరైనా అదే ప్రయోగం చేయాలంటే ఏది పాటించాలి? రెండు పద్ధతుల్లో తయారయ్యే కార్బన్ ఒకటే అవుతుందని ఎవరూ హామీ ఇవ్వలేరు.

అంటే ఆమె సైన్స్ ప్రశ్నలనుకున్న వాటిలో రెండు నిజానికి 'ది' గురించి, 'టు' గురించి వచ్చిన ప్రశ్నలు. ఈ సంగతి చెప్పాక ఆమె కాసేపు మాట్లాడలేదు. తర్వాత "అయితే ఇంగ్లీషు కూడా నేనే చూసుకోవాలి" అన్నారు. ఈ కేసు అసలు మొదలైంది అప్పుడే.

మొదటి రెండు ప్రయత్నాలు

పేపర్ మొదటి సెక్షన్‌లో నేను చేసింది మామూలు ఎడిటింగే. ట్రాక్ చేంజెస్ (ఏం మార్చామో ఫైల్‌లో కనిపించే ఏర్పాటు) పెట్టి, తప్పున్న చోటల్లా మార్చి పంపాను. ఆమె అన్నింటినీ ఆమోదించి, థాంక్స్ చెప్పి, తర్వాతి సెక్షన్ పంపారు. అందులోనూ అవే తప్పులు, అవే చోట్ల. మార్పు ఎందుకు చేశానో చెప్పకుండా మార్చితే రాసేవారికి మిగిలేది శుభ్రమైన ఫైల్ మాత్రమే.

రెండోసారి నియమాలతో నోట్స్ ఇచ్చాను. మొదటిసారి వస్తే 'ఎ', మళ్లీ వస్తే 'ది', అలాంటివి. ఫలితం ఇంకో రకంగా వచ్చింది. తర్వాతి డ్రాఫ్టులో ప్రతి నామవాచకం ముందూ ఏదో ఒకటి ఉంది: 'ది వాటర్ పొల్యూషన్ ఈజ్ ఎ సీరియస్ ప్రాబ్లమ్', 'ది టేబుల్ 2', 'ది ఫిగర్ 3'. నీటి కాలుష్యాన్ని మొత్తంగా అంటున్నప్పుడు ముందు ఏమీ అక్కర్లేదు. నంబరుతో వచ్చే టేబుల్, ఫిగర్, సెక్షన్, ఈక్వేషన్ పేర్లలాంటివి, వాటికీ అక్కర్లేదు. మునుపు వదిలేసిన చోట ఇప్పుడు ఎక్కువ పెట్టారు. తప్పుల లెక్క పెద్దగా తగ్గలేదు.

ఇది చిన్న విషయం అనుకునేవాళ్లకు ఒక లెక్క చెప్తాను. బ్రౌన్ కార్పస్ అని, 1961లో అమెరికాలో అచ్చయిన రచనల నుంచి తీసిన సుమారు 10 లక్షల మాటల సేకరణ ఉంది. అందులో 'ది' ఒక్కటే దాదాపు 7 శాతం. రెండో స్థానంలో ఉన్న 'ఆఫ్' మూడున్నర శాతం. అంటే దాదాపు పద్నాలుగు మాటలకు ఒకసారి 'ది' వస్తుంది. అన్నిసార్లు వచ్చే మాట దగ్గర తడబడితే చదివేవారు పేజీ పేజీకీ తడబడతారు.

'ఏది?' అన్న ఒక్క ప్రశ్న

మూడో సిట్టింగ్‌లో నోట్స్ పక్కన పెట్టాం. మన భాషలో ఆర్టికల్స్ లేవని, అందుకే మనకు రావని ఆమె అన్నారు. మాటగా అవి లేకపోవచ్చు, ఆ తేడా మాత్రం మన భాషలో ఉంది. ఈ రెండు వాక్యాలు చదవమన్నాను:

'ద్రావణం వేడి చేశాం.' 'ద్రావణాన్ని వేడి చేశాం.'

మొదటిది వినగానే ఏదో ఒక ద్రావణం అనిపిస్తుంది. రెండోది వినగానే ఇద్దరికీ తెలిసిన ద్రావణం ఒకటి కళ్ల ముందుకు వస్తుంది. ఈ తేడా మనకు ఎవరూ నేర్పలేదు, పుట్టినప్పటి నుంచీ వాడుతున్నాం. 'ని' చేరినప్పుడు మనసులో జరిగే పని, ఇంగ్లీషులో 'ది' చేసే పని, చాలాచోట్ల ఒకటే. చాలాచోట్ల అనే అంటున్నాను. మనుషుల దగ్గర ఈ పరీక్ష పనిచేయదు, ఎందుకంటే 'ఒక రోగిని చూశాం', 'ఆ రోగిని చూశాం' అని రెండింటికీ 'ని' తప్పదు. కర్త స్థానంలో ఉన్న మాటకూ ఇది వర్తించదు. అక్కడ ముందు 'ఆ' పెట్టి చూసుకోవాలి.

దీన్నుంచి ఒక ప్రశ్న తయారు చేసుకున్నాం. ఏ నామవాచకం దగ్గరైనా ఆగి, చదివేవారిని 'ఏది?' అని అడిగినట్టు ఊహించుకోవాలి. వాళ్లు వేలు పెట్టి చూపించగలిగితే 'ది'. చూపించడానికి కారణం ఏదైనా కావచ్చు. ముందే చెప్పి ఉండొచ్చు, అదే పదబంధంలో 'ఆఫ్' తర్వాత వచ్చే మాట దాన్ని నిర్దిష్టం చేసి ఉండొచ్చు, లేదా అలాంటిది ఒక్కటే ఉండొచ్చు. చూపించలేకపోతే, లెక్కపెట్టదగిన ఒక్క వస్తువైతే 'ఎ'. లెక్కపెట్టలేనిదైనా, బహువచనమైనా ఖాళీ.

పై వాక్యాన్నే పరీక్షకు పెట్టాం. శాంపిల్? ముందు పేరాలో తయారీ చెప్పారు కాబట్టి చూపించగలం, 'ది శాంపిల్'. అవెన్? ఇదే మొదటిసారి, ఒక అవెన్, 'యాన్ అవెన్'. సొల్యూషన్? ఏదో చెప్పలేదు, కాబట్టి ముందు అదేమిటో చెప్పాలి: 'ఎ డై సొల్యూషన్'. బీకర్? ముందు వాక్యంలో బీకర్ లేదు. ఆమె ఆలోచించి, శాంపిల్ ఉన్నది బీకర్‌లోనే కదా, ఆ సంగతే రాయలేదు అన్నారు. ఆర్టికల్ వెతుకుతుంటే ప్రయోగంలో రాయకుండా వదిలేసిన ఒక అడుగు బయటపడింది. 'ది' పెట్టాలా వద్దా అని అడుగుతున్నామంటే, చదివేవారికి ఏం తెలుసో, ఏం తెలియదో మనం లెక్క వేసుకుంటున్నట్టే.

సరిచేశాక వాక్యం ఇలా వచ్చింది: 'ది శాంపిల్ వాజ్ హీటెడ్ ఇన్ యాన్ అవెన్ ఎట్ 80 డిగ్రీస్ ఫర్ 2 అవర్స్ అండ్ ట్రాన్స్‌ఫర్డ్ టు ఎ బీకర్. ఎ డై సొల్యూషన్ వాజ్ దెన్ యాడెడ్ టు ది బీకర్.' చివరి 'ది బీకర్'కి ఆమె చెప్పిన కారణం: "ఇప్పుడే చెప్పాను కాబట్టి."

బహువచనాల దగ్గర ఆమెకు ఒక అనుమానం మిగిలింది. 'స్టడీస్ హావ్ షోన్' అన్నా 'ది స్టడీస్ హావ్ షోన్' అన్నా పెద్ద తేడా ఏముందని అడిగారు. 1967 నవంబరు 22న ఐక్యరాజ్య సమితి భద్రతా మండలి ఆమోదించిన 242వ తీర్మానం గురించి చెప్పాను. ఆ ఏడాది యుద్ధంలో ఆక్రమించిన భూభాగాల నుంచి ఇజ్రాయెల్ సేనలు వైదొలగాలన్న వాక్యంలో, ఇంగ్లీషు పాఠంలో 'టెరిటరీస్' ముందు 'ది' లేదు. ఫ్రెంచి పాఠంలో ఆర్టికల్ ఉంది. అన్ని భూభాగాల నుంచా, కొన్నింటి నుంచా అన్న వాదన అప్పటి నుంచి నడుస్తూనే ఉంది. ఆమె తన పేపర్‌కు తిరిగి వెళ్లి, 'ది స్టడీస్' అన్న చోట ఆగి, "ఇది చదివితే ఇప్పటిదాకా వచ్చిన స్టడీలన్నీ నేను చూసేసినట్టుంది" అని 'ది' కొట్టేశారు.

దానికంటే ప్రమాదకరమైన తప్పు ఇంట్రడక్షన్‌లో ఉంది. తన పరిశోధన అవసరం చెప్పే వాక్యంలో 'ఎ ఫ్యూ స్టడీస్ హావ్ ఎగ్జామిన్డ్' అని రాశారు. 'ఎ ఫ్యూ' అంటే కొన్ని ఉన్నాయి. 'ఫ్యూ' అంటే పెద్దగా లేవు. కొన్ని ఉన్నాయంటే ఇంకొకటి దేనికి? తన పేపర్ ఎందుకు కావాలో చెప్పాల్సిన వాక్యంలోనే ఆ అవసరాన్ని ఒక్క 'ఎ' తీసేసింది. 'లిటిల్ ఎవిడెన్స్', 'ఎ లిటిల్ ఎవిడెన్స్' మధ్య తేడా కూడా ఇదే.

తెలుగు దారి తప్పించే చోటు

లెక్కపెట్టడం దగ్గర మాత్రం తెలుగు సాయం చేయదు, పక్కదారి పట్టిస్తుంది. మనకు పరిశోధనలు, ఆధారాలు, పరికరాలు, సాఫ్ట్‌వేర్లు అన్నీ లెక్కకు వస్తాయి. ఇంగ్లీషులో రీసెర్చ్, ఎవిడెన్స్, ఎక్విప్‌మెంట్, సాఫ్ట్‌వేర్, ఇన్ఫర్మేషన్, లిటరేచర్ లెక్కకు రావు. కాబట్టి 'రీసెర్చెస్', 'ఎవిడెన్సెస్', 'ఎక్విప్‌మెంట్స్' కుదరవు, వాటి ముందు 'ఎ' కూడా కుదరదు. ఒకటి కావాలంటే 'ఎ స్టడీ', 'ఎ పీస్ ఆఫ్ ఎవిడెన్స్' అనుకోవాలి. ఇక్కడ ఆలోచనతో సాధించేది లేదు. ఆమె సబ్జెక్టులో తరచూ వచ్చే ఇలాంటి మాటలను ఒక చిన్న నోట్‌బుక్‌లో రాసుకోమన్నాను.

అయితే 'కార్బన్' దగ్గర నన్నే ఆపారు. పదార్థం కాబట్టి లెక్కకు రాదు కదా, మరి తాను చదివే పేపర్లలో 'యాక్టివేటెడ్ కార్బన్స్' అని ఉందే అన్నారు. ఆమె అన్నది నిజం. పదార్థాన్ని రకాలుగా చూసినప్పుడు లెక్కకు వస్తుంది: రెండు కార్బన్లు అంటే రెండు రకాల కార్బన్. ఆ రంగంలోవాళ్లు ఎలా వాడతారో ఎడిటర్ కంటే ఆ రంగంలో చదివేవారికే బాగా తెలుస్తుంది. ఇలాంటి అనుమానాలకు గూగుల్ స్కాలర్‌లో ఆ పదబంధాన్ని కొటేషన్ మార్కుల మధ్య పెట్టి వెతకడం ఆమెకు అలవాటు చేశాను.

'ఎ'నా 'యాన్'ఆ అన్నదానికి మాత్రం మన లిపి ఉంది. ఇంగ్లీషు మాటను తెలుగులో రాసి చూడండి. అచ్చుతో మొదలైతే 'యాన్', హల్లుతో మొదలైతే 'ఎ'. 'ఎక్స్-రే', 'ఎఫ్‌టీఐఆర్', 'అవర్' అచ్చులు, కాబట్టి 'యాన్'. 'యూవీ', 'యూనిఫామ్', 'వన్-స్టెప్' హల్లులు, కాబట్టి 'ఎ'. ఒక్క జాగ్రత్త: 'యక్స్-రే', 'యమ్మారై', 'హవర్' అని రాసే అలవాటున్నవాళ్లు ముందు ఉచ్చారణ సరిచేసుకోవాలి.

విభక్తులతో ప్రిపోజిషన్స్

ప్రిపోజిషన్స్‌కి జాబితాలు చాలా దొరుకుతాయి. అవి ఆమె దగ్గరా ఉన్నాయి. రాసే సమయంలో గుర్తు రాకపోవడమే ఇబ్బంది. అందుకే చిన్నప్పుడు బళ్లో వల్లెవేసిన విభక్తి ప్రత్యయాలు గుర్తు చేసుకోమన్నాను. 'నిన్, నున్, లన్, కూర్చి, గురించి ద్వితీయా విభక్తి' దగ్గరే ఆపాను. 'ని', 'గురించి' ఒకే విభక్తిలో ఉన్నాయి. మనం ఫలితాలను చర్చించాం అనగలం, ఫలితాల గురించి చర్చించాం అనగలం. 'డిస్కస్డ్ అబౌట్', 'ఇన్వెస్టిగేటెడ్ అబౌట్' వస్తున్నది ఆ రెండోదాన్నుంచే. ఇంగ్లీషులో ఈ క్రియలకు మొదటిదే చెల్లుతుంది. 'గురించి' తీసి 'ని' పెట్టి చూడండి: ఫలితాలను చర్చించాం, 'వి డిస్కస్డ్ ది రిజల్ట్స్'. ఆమె డ్రాఫ్టులో 'ఎంఫసైజ్డ్ ఆన్'కి కూడా ఇదే మందు పనిచేసింది.

తృతీయ దగ్గర ఒక చిక్కు ఉంది. మనకు 'తో' ఒక్కటే సరిపోతుంది: స్పెక్ట్రోస్కోపీతో కొలిచాం, స్పెక్ట్రోఫోటోమీటర్‌తో కొలిచాం. ఇంగ్లీషులో పద్ధతి పేరైతే 'బై', ముందు ఆర్టికల్ ఉండదు: 'బై యూవీ-విజిబుల్ స్పెక్ట్రోస్కోపీ'. పరికరమైతే 'విత్', ముందు ఆర్టికల్ కావాలి: 'విత్ ఎ స్పెక్ట్రోఫోటోమీటర్'. ఆమె 'బై స్పెక్ట్రోఫోటోమీటర్' అని రాసిన ప్రతిచోటా ఆర్టికల్, ప్రిపోజిషన్ రెండూ కలిసే తప్పాయి.

పంచమి బాగా కలిసొచ్చింది. 'వలన', 'కంటె' రెండూ అక్కడే ఉన్నాయి, రెండింటికీ 'ఫ్రమ్' సరిపోయే సందర్భాలున్నాయి: దాని కంటె భిన్నం, 'డిఫరెంట్ ఫ్రమ్'. దాని వలన కలిగింది, 'రిజల్టెడ్ ఫ్రమ్'. ఈ రెండోది పేపర్‌ను కాపాడిందనే చెప్పాలి. రంధ్రాలు మూసుకుపోవడం వల్ల కార్బన్ సామర్థ్యం తగ్గిందని ఆమె ఉద్దేశం. రాసింది మాత్రం 'ది లాస్ ఆఫ్ కెపాసిటీ రిజల్టెడ్ ఇన్ పోర్ బ్లాకేజ్'. అంటే సామర్థ్యం తగ్గడం వల్ల రంధ్రాలు మూసుకుపోయాయని! కారణం ఫలితమైంది, ఫలితం కారణమైంది. అంతకుముందు ఆమె పేపర్‌ను ఒక గ్రామర్ సాఫ్ట్‌వేర్‌లో వేసి చూశారు. అది ఈ వాక్యాన్ని ముట్టుకోలేదు. ముట్టుకోవడానికి కారణమూ లేదు, వ్యాకరణపరంగా వాక్యం సరైనదే. ల్యాబ్‌లో ఏం జరిగిందో తెలిసినది ఆమెకే.

ఫలితాల సెక్షన్‌లో ఇలాంటిదే మరొకటి: రంగు తొలగింపు 71 శాతం నుంచి 83 శాతానికి పెరిగితే 'ఇంక్రీజ్డ్ టు 12 పర్సెంట్' అని రాశారు. తెలుగులో మనం ఇక్కడ పొరబడం. '12 పెరిగింది', '83కి పెరిగింది' అని వేరువేరుగానే అంటాం. 'కి' ఉంటే 'టు', లేకపోతే 'బై'. తర్వాత ఇంకో మెట్టు: 71 నుంచి 83కి 12 పర్సెంటేజ్ పాయింట్లు. 12 శాతం కాదు. శాతంగా చెప్పాలంటే అది దాదాపు 17 శాతం పెరుగుదల.

'కి' ప్రతిచోటా ఇంత సూటిగా ఉండదు. సమస్యకు పరిష్కారం 'సొల్యూషన్ టు', దీనికి కారణం 'రీజన్ ఫర్' లేదా 'కాజ్ ఆఫ్', 80 డిగ్రీలకు అన్నది 'టు' కావచ్చు, 'ఎట్' కావచ్చు. ఇక్కడ విభక్తి సూత్రం చేతులెత్తేస్తుంది. నామవాచకాన్ని దాని ప్రిపోజిషన్‌తో కలిపే గుర్తుపెట్టుకోవాలి. ఆమె నోట్‌బుక్‌లో రెండో భాగం దీనికే కేటాయించారు: 'ఎఫెక్ట్ ఆఫ్ ఒకటి ఆన్ ఇంకొకటి', 'రోల్ ఇన్', 'అప్రోచ్ టు', 'ఇన్‌సైట్ ఇంటు', 'యాక్సెస్ టు'. ఈ చివరిది క్రియగా వాడితే 'టు' పోతుంది.

మార్జిన్‌లో కారణం

పేపర్ మొత్తాన్ని ఒకేసారి సరిచేయమని నేను అడగలేదు. రోజుకు ఒక పేరా. నామవాచకాలన్నింటి కింద గీత గీసి, ప్రతి దానికీ మార్జిన్‌లో ఒక్క ముక్కలో కారణం రాయాలి: 'ముందు చెప్పా', 'ఒక్కటే ఉంది', 'లెక్కకు రాదు', 'మొత్తంగా'. కారణం రాయలేకపోతే ప్రశ్నార్థకం. నేను ప్రశ్నార్థకాలు మాత్రమే చూస్తాను. మొదట్లో పేరా నిండా అవే ఉండేవి. ఇది ఓపిక పరీక్షించే పనే. వారం తర్వాత "చదివేవాళ్లు ఎక్కడ ఆగిపోతారో ఇప్పుడు కనిపిస్తోంది సార్" అని మెసేజ్ పెట్టారు. నాకు ఆ రోజంతా సంతోషంగా ఉంది.

సవరించి పంపిన పేపర్‌కు వచ్చిన రెండో రివ్యూలో ఇంగ్లీషు ప్రస్తావన లేదు, ద్రావణం గురించి గానీ 80 డిగ్రీల గురించి గానీ ప్రశ్నలు లేవు. వచ్చిన ఒకే ప్రశ్న పీహెచ్ పరిధి గురించి. అది అచ్చంగా కెమిస్ట్రీ, ఆమె రెండు రోజుల్లో జవాబు రాశారు.

తప్పులు పూర్తిగా పోలేదు. ఇప్పుడు థీసిస్ చాప్టర్లు పంపుతున్నారు. 'ఇన్ లిటరేచర్' అనే రాస్తారు ఇప్పటికీ. తన రంగంలో వచ్చిన పేపర్ల సముదాయం అనే అర్థంలో అది 'ఇన్ ది లిటరేచర్' కావాలి. నోట్‌బుక్‌లో ఈ మాట లెక్కకు రాదని రాసుకున్నారు కాబట్టి ఆర్టికల్ కూడా అక్కర్లేదనుకున్నారు. లెక్కకు రాని మాటకు 'ఎ' పనికిరాదు గానీ 'ది' రావచ్చని మళ్లీ చెప్పాను. 'నేచర్' దగ్గర మాత్రం నేను చెప్పాల్సిన అవసరం రాలేదు. ఒకే పేజీలో పైన 'ఇన్ నేచర్' అని ఉంది, కింద 'ది నేచర్ ఆఫ్ ది కార్బన్ సర్ఫేస్' అని ఉంది. మార్జిన్‌లో పెన్సిల్‌తో పైదానికి 'ప్రకృతి, మొత్తంగా', కిందిదానికి 'స్వభావం, దేనిది? ఈ కార్బన్ ఉపరితలానిది' అని రాసి ఉంది.